సంతకాల కోసం తుర్కపల్లికి

ఆమెను చూడాలంటే నా చేతిలో ఒక రిజిస్టరు ఉండాలి. ఇన్నేళ్లూ ఉంది కాబట్టి ఆ సంగతి నాకు తెలియలేదు.

మేడ్చల్ బస్ డిపోకు దగ్గరలో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన మా ఆఫీసు. చిన్న చిన్న కంపెనీలకు జీతాల లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు మేమే చూసిపెడతాం. నెల నెలా జీతాలు పడగానే రిజిస్టర్లు సంచిలో వేసుకుని తుర్కపల్లిలో ఒక మందుల ప్యాకింగ్ కంపెనీకి వెళ్లి, పనివాళ్ల సంతకాలు పెట్టించుకు రావడం నా పని. శామీర్‌పేట దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి కరీంనగర్ రోడ్డు మీద ఏ బస్సు దొరికితే ఆ బస్సు. రిజిస్టర్ల విషయంలో నేను కాస్త చండశాసనురాలిని. కొట్టివేతలు ఒప్పుకోను. ఒకరి బదులు ఇంకొకరు పెట్టే సంతకం అసలే ఒప్పుకోను. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఖాళీ గడి మీద వేలు పెట్టాడంటే, ఇచ్చిన జీతం కూడా ఇవ్వనట్టే లెక్క.

ఆ కంపెనీలో టైమ్ ఆఫీసు, అంటే పనివాళ్ల హాజరు లెక్క, ఆమె చూసేది. శామీర్‌పేట పక్క ఊళ్లో ముస్లింల ఇంటి పిల్ల. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు, కోపం వస్తే రెండూ. నాకంటే బాగా చిన్నది. మొదటి నెల నన్ను మేడం అంది, రెండో నెలకే అక్కా అంది.

పనివాళ్లు తలకు టోపీలతో, చేతి తొడుగులు తీసి చంకలో పెట్టుకుని, వరసగా వచ్చి సంతకాలు పెట్టి వెళ్లేవాళ్లు. ఈలోగా అన్నాల వేళ అయ్యేది. నా డబ్బా ఆమె ముందుకు, ఆమె డబ్బా నా ముందుకు జరిగేవి. ఇంట్లో ఎవరికీ చెప్పని మాటలు ఆ గదిలో చెప్పుకున్నాం. మా ఆయనతో నేను కొన్నాళ్లు మాటలు మానేసిన సంగతి మా అమ్మకు కూడా తెలియదు, ఆమెకు తెలుసు. చదువు మధ్యలో ఆపించినందుకు వాళ్ల నాయిన మీద ఆమెకు ఇంకా ఎంత కోపముందో నాకు తెలుసు. రిజిస్టరు మూసేసరికి నా ఒళ్లు తేలికయ్యేది.

పనివాళ్ల గడులన్నీ నేనే చూసుకుంటాను. ప్రతి పేజీ అడుగున టైమ్ ఆఫీసు సంతకం మాత్రం ఆమె బాధ్యత. మేడ్చల్ వచ్చి చూసుకుంటే ఓవర్‌టైం రిజిస్టరులో ఒక పేజీ అడుగు ఖాళీగా ఉండేది. ఫోన్ చేసి అరిచేదాన్ని.

"కండ్లు ఏడ పెట్టుకున్నవే?"

"చూస్కోలేదక్కా. ఏం జేస్తం, మల్లొక్కసారి రావాలె ఇగ."

మళ్లీ వెళ్లేదాన్ని. మరుసటి నెలా అదే వరస, ఆ పై నెలా అదే వరస. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఎక్కిన తర్వాత నేను కూడా పేజీల అడుగులు చూడటం మానేశాను. ఎవరికీ నష్టం లేని పని, చివరికి అన్ని సంతకాలూ ఉండేవి.

తర్వాత కాగితం బందయింది. అన్నీ కంప్యూటరులోనే. ఇందులో తప్పు పట్టడానికి నాకు నోరు లేదు, ఎందుకంటే ఆ కంపెనీకి దాన్ని ఎక్కించింది నేనే. వేసవి అంతా కూర్చుని ఒక్కొక్కరి వివరాలు సరిచూశాను. పాత రిజిస్టర్లు స్కాన్ చేయించి, ఉంచాల్సినన్నేళ్లు భద్రంగా ఉండేలా అట్టపెట్టెల్లో సర్దాను. ఇప్పుడు జీతం చీటీ నేరుగా ఫోనుకే వస్తుంది, పీఎఫ్ ఎంత పడిందో పనివాళ్లే చూసుకుంటారు. మంచిదే. కాకపోతే ఆ సిస్టమ్ మహా గట్టిది. ఒక్క గడి ఖాళీ ఉన్నా ముందుకు కదలదు. మిగిలిపోయిన పేజీ అనేది దాని లోకంలో లేదు.

మొదటి నెల ఆమె అన్నీ తనే ఎక్కించింది. జీతాల పట్టిక ఉండాల్సిన చోట నేను తెరిచి చూస్తే చింతచిగురు మటన్ గిన్నె కనిపించింది. పక్కన పచ్చగా టిక్కు, అంతా సక్రమమేనని. మా సారు నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏందమ్మా గిది? లేబర్ ఆఫీసోళ్లకు దావత్ ఇస్తున్నమా?"

ఆమెకు ఫోన్ చేశాను.

"అయ్యో, పరేషాన్ చేసిన గదా! నీకు పంపుదామని తీసిన అక్కా. ఫోన్ల రెండు ఫోటోలు పక్కపక్కకే ఉండె. ఏది ఒత్తిన్నో ఏమో."

పైకి కసిరాను గానీ లోపల ఎగిరి గంతేశాను. తప్పు జరిగింది, ఇక దిద్దడానికి వెళ్లాలి. సంచి కోసం చూస్తుండగానే ఆమె సరైన కాగితం ఎక్కించేసింది. గిన్నె పోయి అంకెలొచ్చాయి. సారు శభాష్ అన్నాడు. నేను బాత్రూములోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

ఫోనుంది కదా అంటారు. ఫోనులో మాట్లాడుకున్నాం. నేను మాట్లాడితే మా అత్తమ్మ టీవీ చప్పుడు తగ్గిస్తుంది. ఆమె మాట్లాడితే వెనక పిల్లలు, ఇంకా వెనక ఎవరో దగ్గుతుంటారు. తిన్నావా, తిన్నాను. పనెట్లుంది, మంచిగుంది. పెట్టేస్తున్నా. ఆ గదిలో మాట్లాడిన మనుషులు వేరే ఎవరో అనిపించేది. నాకు ఆమె కావాలి, ఆమె క్షేమసమాచారం కాదు. బెంగ పెట్టుకోవడం చిన్నపిల్లల పని అనుకునేదాన్ని. నలభై దాటాక నాకు బెంగ పట్టుకుంది.

వెళ్లొచ్చు కదా, ఎంత దూరమని? దూరం కాదు అడ్డం. ఒకరోజు సెలవు పెట్టి చీర కట్టుకుంటుంటే మా ఆయన అడిగాడు.

"ఎటు?"

"తుర్కపల్లి."

"రిజిస్టర్లు బందైనయ్ గదా. ఇగ గాడ ఏం పని?"

ఆయన కోపంగా అడగలేదు, మామూలుగానే అడిగాడు. పెళ్లయినప్పటి నుంచి పని లేకుండా నేను ఎటూ వెళ్లింది లేదు. ఆస్పత్రి, బజారు, బడి, బ్యాంకు, ఎవరిదో పెళ్లి, ఎవరిదో చావు. ఒక మనిషి మీద మనసు పడి చూడబోవడానికి మా ఇంట్లో పేరు లేదు. వచ్చాక చెబుతానని చెప్పులేసుకున్నాను.

గేటు దగ్గర కూడా కాగితం పోయింది. పేరు రాసే పుస్తకం బదులు గోడకు ఒక పలక లాంటి యంత్రం బిగించారు. పేరు కొట్టాను, ఫోన్ నంబరు కొట్టాను. వచ్చిన కారణం అడిగింది. డెలివరీ, ఇంటర్వ్యూ, రిపేరు, తనిఖీ. అంతే ఉన్నాయి.

"ఏదో ఒకటి ఒత్తమ్మా," అన్నాడు వాచ్‌మన్, "లేకుంటే లోపలికి పోనియ్యదు గది."

"లేని కారణం ఎట్ల ఒత్తాలె?"

"ఎవలు చూస్తరు తల్లీ!"

ఎవరూ చూడరు, నాకూ తెలుసు. కానీ ఇన్నేళ్లు రికార్డుల్లో దొంగరాతను ఒప్పుకోని చెయ్యి ఆ రోజు కూడా ఒప్పుకోలేదు. పైగా ఒళ్లు మండింది. పక్కకు జరిగి ఎండలో నిలబడి ఆమెకు ఫోన్ చేశాను, గేటు దగ్గరున్నాను, బయటికి రమ్మని.

దాదాపు పరుగున వచ్చింది. తల మీది ప్లాస్టిక్ టోపీ అలాగే ఉంది. నన్ను చూసి నవ్వలేదు. మొహంలో రక్తం లేదు.

"ఏమైందక్కా? తనిఖీనా? మల్ల తప్పు ఎక్కించిన్నా ఏంది?"

"ఏం తప్పు లేదు."

"మరి ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు. నిన్ను చూడబుద్ధయింది, వచ్చిన."

ఆమె వాచ్‌మన్ వైపు చూసింది, నా వైపు చూసింది, నా చేతులు ఖాళీగా ఉండటం చూసింది. రోడ్డవతల చాయ్ బండి దగ్గర సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాం. కంపెనీ క్యాబులు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత మాటలు ఎవరు మొదలుపెట్టారో, చాయ్ చల్లారిపోయేదాకా ఆగలేదు.

లోపలి నుంచి పిలుపొచ్చింది. టోపీ సరిచేసుకుని రోడ్డు దాటింది. గేటులోంచి సగం లోపలికి వెళ్లి వెనక్కి తిరిగింది.

"మల్ల ఎప్పుడొస్తవ్ అక్కా?"

ఇన్నేళ్ల మా స్నేహంలో ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. అంతకుముందు అడగాల్సిన అవసరం రాలేదు.