బెత్తెడు తేడా

మా ఆడబిడ్డ మొగుడికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరు. డంపర్లు విప్పి బిగించేవాడు కాబట్టి కుట్టుమిషను, కుక్కరు, చంటిపిల్లల విరేచనాలు, అన్నీ తన శాఖే అనుకునేవాడు. ఒకసారి నా కుక్కరు విజిలు బాగుచేస్తానని కూర్చుని, నెలరోజులు మూత మీద రాయి పెట్టి అన్నం వండుకునే గతి పట్టించాడు. వరసకు నాకు అన్న. ఆయన మా గుమ్మంలో అడుగుపెడితే చాలు, మా ఆయన బుర్ర పనిచేయడం మానేసేది.

తెలంగాణ రాకముందు రెండు మూడేళ్ల మాట ఇది. సెంటినరీ కాలనీలో మా మామ పేరు మీదున్న క్వార్టరులో ఉండేవాళ్లం. మామకు కంపెనీ నౌకరీ ఉంది, మా ఆయనకు లేదు. ఒక పాత జీపు ఉంటే దాన్ని పెళ్లిళ్లకూ చావులకూ కిరాయికి తిప్పేవాడు. నేను ముందు గదిలో జాకెట్లు కుట్టేదాన్ని. ఆ వానాకాలం పైనుంచి గొయ్యిలా తవ్వుకుంటూ పోయే ఒక ఓపెన్‌కాస్టు గనిలో సర్వే మనుషులను అడుగుదాకా దింపి ఎక్కించడానికి ఒక కాంట్రాక్టరుకు జీపు కావాల్సి వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి అయి ఉండాలి, బురదలో గని దారి ఎక్కి చూపించాలి. ఎక్కితే ఏడాది పొడవునా పని. కాలనీలో మగవాళ్లంతా షిఫ్టుకు పోతుంటే ఈయన ఒక్కడే గేటు పట్టుకుని నిలబడి పదేళ్లయింది. ఇప్పుడు తనకూ డ్యూటీ వస్తుందని చెప్పిన వాళ్లకే చెప్పుకుంటూ తిరిగాడు.

జీపుకున్న జబ్బు ఒక్కటే. గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకో ఇనుప డబ్బా ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. దాంట్లో పళ్లు అరిగిపోయి ముందు చక్రాలకు బలం అందడం లేదు. డబ్బా మార్చాలి. మంచిర్యాలలో అందరూ కాక అని పిలిచే ముసలి మెకానిక్కు ఒకాయన, అచ్చం మా జీపులాంటి దాని నుంచి విప్పిన డబ్బా చూపించాడట. "జరంత మోత జేస్తది బిడ్డా. గానీ నీ బండికి కొలత గిదే," అన్నాడట. మా ఆయన ఆ మాట పట్టుకొచ్చి బావ ముందు పెట్టాడు. మా అన్నగారు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మోత జేసే డబ్బా ఎవడన్న కొంటడా బామ్మర్దీ? నా తాన కంపెనీ వేలంల అచ్చిన మాల్ ఉన్నది. పెద్ద బండిది. ఏనుగును గూడ గుంజుతది."

కంపెనీ అంటే చాలు, మా వాళ్ల చేతులు వాటంతటవే దండానికి లేస్తాయి! వేలంలో కొన్న, బొగ్గు మోసిన తుక్కు బెల్టు ముక్క గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా. తులసి మొక్కకు కుండీ పాత హెల్మెట్టు. బజారులో వంకాయ కొంటే పదిసార్లు తిప్పి చూసే మనుషులు, కంపెనీది అనగానే కళ్లు మూసుకుని నెత్తిన పెట్టుకుంటారు. ఆ డబ్బాను వాకిట్లో దింపితే చుట్టుపక్కల క్వార్టర్ల మగవాళ్లంతా చేరి, తట్టి, నిమిరి, "అబ్బ, ఏం బరువున్నదే!" అని మురిసిపోయారు. కొలత సంగతి ఒక్కడూ అడగలేదు.

రెండు రోజులు వాకిలంతా నూనె. లేతు షాపులో మధ్య పలక ఒకటి చేయించి డబ్బాను గేరుబాక్సుకు బిగించారు. డబ్బా నుంచి వెనక చక్రాలకు బలం మోసే రాడ్డు కుదిరింది. ముందు రాడ్డు దగ్గరికి వచ్చేసరికి బావాబామ్మర్దులు గొణుక్కోవడం మొదలుపెట్టారు. చాయ ఇవ్వడానికి వెళ్లిన నేను వంగి చూశాను. ముందు రాడ్డు తగిలే మూతి, పాత డబ్బాకంటే కొత్తదానికి లోపలికి ఉంది. మెడలో టేపు ఉండనే ఉంది. రెండూ కొలిస్తే బెత్తెడు తేడా వచ్చింది. నేరుగా వెళ్లాల్సిన రాడ్డు పక్కకు ఏటవాలుగా పోతోంది.

"అన్నా, రాడ్డు వంకర పోతున్నది. గిట్ల తిరిగితే కీలు కాడ ఇరుగదా?" అన్నాను.

"చెల్లే, గిది జాకెట్ గాదు, చంకల కాడ ఒదులు జేసుడుకు!"

వాకిలంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయన. "నీకెందుకే గివన్ని? లోపలికి పో," అన్నాడు.

పోయాను. మీ సావు మీరు సావుండ్రి అనుకుంటూ మిషను తొక్కాను. వాళ్లు లేతు షాపులోనే రాడ్డుకు ముక్క అతికించి పొడుగు చేయించి, వంకరగానే బిగించారు. కాలనీ రోడ్డు మీద తిప్పితే ముందు నుంచి కటకటమని చప్పుడు. "కొత్తది గదా, కుదురుకుంటది," అన్నాడు అన్నగారు. అహాహా, ఏం జ్ఞానం!

గనికి పోవాల్సిన రోజు పొద్దున మా ఆయన సర్వపిండి ముక్క తుంచి, తినకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. బయట వాన.

"ఆ సప్పుడేందే?" అన్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు. భయపడుతున్నాడని నాకు అర్థమైంది.

"మీ బావనడుగు," అన్నాను. అనగానే మనసుకు చల్లగా తగిలింది. ఆ చల్లదనం నాకు బాగా గుర్తు.

జీపు గనిలోకి బాగానే దిగిందట. ఎక్కేటప్పుడు సగం దారిలో ముందు రాడ్డు కీలు విరిగింది. విరిగిన రాడ్డు గిరగిరా తిరిగి బ్రేకు పైపును కొట్టేసింది. బండి వెనక్కి జారుతుంటే సర్వే మనుషులు దూకేశారు. ఈయన స్టీరింగు వదల్లేదు. జీపు మట్టికట్టకు తగిలి కుడి పక్కకు ఒరిగి, కుడికాలు దాని కింద పడింది. దవాఖానలో ఆ మధ్యాహ్నమే మోకాలి కింద తీసేశారు.

వరండాలో అన్నగారు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. "ఆ లేతోనికి అతుకుడు రాదు. డబ్బాకేమైంది? డబ్బా ఇప్పటికీ రాయి లెక్కున్నది."

నేను మంచం పక్కన కూర్చుని ఒక మాట సిద్ధం చేసుకున్నాను. నేను చెప్పలేదా? మెలకువ రాగానే మొహం మీద అనాలనుకున్నాను. సాయంత్రం కళ్లు తెరిచి, దుప్పటి చదునుగా పడి ఉన్న చోటును చాలాసేపు చూసి, తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు జెప్పినవ్, నేను నవ్విన," అన్నాడు. "మల్ల పొద్దుగాల అడిగిన గదనే. అప్పుడన్న జెప్తే ఏంబోతుండె?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. వరండాలో అన్నగారి గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. జీవితంలో మొదటిసారి ఆయనను అసహ్యించుకోవడం నాకు చేతకాలేదు. ఆయన తెలియక చేశాడు. నేను తెలిసీ ఊరుకున్నాను.