దీపం పెట్టాక నెట్టు ఇవ్వను

"దీపం పెట్టినాక పాలియ్యను, పెరుగియ్యను, ఉప్పియ్యను. నెట్టు మాత్రం ఎట్లిస్తానే?"

"అత్తా, నెట్టేమన్నా తోడుపెట్టిన పెరుగా? అది కంటికి కూడా కనపడదే!"

"కనపడకపోతే ఏం? లక్ష్మి మాత్రం కంటికి కనపడతాదా? గోడ దాటి పోతాండాదా లేదా, అది చెప్పు."

"నా బిడ్డకి ఏడు గంటలకి ఇంటర్వ్యూ అత్తా! బెంగుళూరోళ్ళు కంప్యూటర్లోకి వచ్చి అడుగుతారంట. ఈ ఒక్క పొద్దుకి ఆ నెట్టు పెట్టె స్విచ్చి వెయ్యి."

"పొద్దున చెప్పుంటే పొద్దున్నే ఇచ్చుందును."

"పొద్దున ఇంటర్వ్యూ లేదు కదత్తా!"

"అది వాళ్ళ తప్పు."

ఆ రోజుల్లో నాది ఇంకా చిన్న వయసే, డెబ్బై నిండలేదు. మోకాళ్ళు నా మాట వినేవి, ఇంట్లో వాళ్ళూ వినేవాళ్ళు. ఇప్పుడు ఆ ఇద్దరికీ సొంత అభిప్రాయాలు వచ్చేశాయనుకోండి. పుంగనూరులో మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం, దాని మీద మోచేతులు పెట్టుకుని జరిగిందే పైన చెప్పిన పోట్లాట. నన్ను అత్తా అని పిలుస్తున్నది పక్కింటామె. వరసకేమీ కాదు, గోడ వరస. ఆమె కూతుర్ని నేను ఉడుత అని పిలిచేదాన్ని. సన్నగా ఉండేది, చేతులు చురుకు, నోట్లోంచి మాట మాత్రం ఉడుత కూతంత కూడా వచ్చేది కాదు. మదనపల్లెలో కంప్యూటరు డిప్లొమా చదివింది. అంతకు ముందు రెండు మూడు చోట్ల ఉద్యోగానికి అడిగి, మాట పెగలక వెనక్కొచ్చింది. వాళ్ళ నాయన కుప్పం దగ్గర గ్రానైటు కోసే చోట పనిచేసి, దుమ్ముకి దగ్గు పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఈ ఉద్యోగం కూడా రాకపోతే చదువు మూటగట్టి బట్టలు కుట్టే కంపెనీకి పంపించేస్తానని తల్లి తేల్చి చెప్పేసింది. కంప్యూటర్లు, నెట్టు పనిచేయక ఫోన్లు చేసే జనానికి తెలుగులో, కన్నడంలో జవాబు చెప్పే ఉద్యోగమట అది.

ఇక మా ఇంట్లో నెట్టు సంగతి. మా చిన్నోడు మదనపల్లె టమోటా మండీలో లెక్కలు రాస్తాడు. వాడే ఇంటికి లైను వేయించాడు, కంప్యూటరు కొన్నాడు. కొనేటప్పుడు వెంట నేనూ వెళ్ళాను (నేను లేకుండా మా ఇంట్లో చీపురు కూడా కొనరు). అంగడతను "విండోస్ అసలుది అయితే దుడ్లు అవుతాయమ్మా, కాపీ అయితే ఊరికే వేసిస్తాను" అన్నాడు. ఊరికే అన్న మాట వింటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి, అబద్ధం చెప్పను. అయినా అడిగాను. "అది ఎవురిదప్పా?" "కంపెనీదమ్మా." "నువ్వు ఊరికే ఇస్తాండేది ఆ కంపెనీకి తెలుసునా?" "తెలీదమ్మా." "అయితే దాని పేరు కాపీ కాదు నాయనా, ఇంకోటి ఉండాది." అలా అసలుదే కొనిపించాను. కడుపు మండింది గనక మౌసు, దాని కింద పరుచుకునే గుడ్డ, కంప్యూటరు మీద కప్పే కవరు ఊరికే రాబట్టాను. ఆ ఊరికే వేరు, ఈ ఊరికే వేరు.

పగలంతా చిన్నోడు ఇంట్లో ఉండడు, నెట్టు వృథాగా పారుతూ ఉంటుంది. మడికి కట్టే నీళ్ళు కాలవ పాలైతే చూస్తూ ఊరుకునే వంశం కాదు మాది. అందుకని పాస్‌వర్డు పక్కింటికి చెప్పి, పగటి పూట వాడుకోనిచ్చాను. బదులుగా వాళ్ళ కరివేపాకు చెట్టు మీద నాకు హక్కు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం వెలిగించిన మరుక్షణం మాత్రం పెట్టె స్విచ్చి ఆపేసేదాన్ని, రాత్రి చిన్నోడు మండీ నుంచి వచ్చాకే మళ్ళీ వేసేది. సందె వేళ ఇంట్లోంచి బయటికి ఏమీ పోకూడదని మా అత్తగారు పెట్టిన కట్టడి. ఆమె కాలంలో నెట్టు లేదు గానీ, ఉండి ఉంటే ఆమె కూడా ఆపేసేదని నాకు గట్టి నమ్మకం. పైగా కరెంటూ మిగిలేది.

పోట్లాట అలా సాగుతుంటే తల్లి వెనకనుంచి ఉడుత గొంతు సన్నగా వినిపించింది. "అవ్వా, నెట్టొక్కటే కాదు. మా కంప్యూటర్లో ఉండేది కాపీ విండోస్. మూలన 'యాక్టివేట్ చేయండి' అని అక్షరాలు వస్తాండాయి. అట్లాంటిది ఉంటే వాళ్ళు ఒప్పుకోరంట." అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల్లి అరిస్తే కరిగే మనిషిని కాదు నేను. కానీ సొంత ఇంట్లో ఉండేది దొంగదని తనంతట తానే చెప్పిన పిల్ల మీద నాకు గురి కుదిరింది. ఆలోచించాను. ఇంటి నుంచి బయటికి పోకూడదని ఉంది గానీ, ఇంటికి వచ్చిన వాళ్ళకి పెట్టకూడదని ఎక్కడా లేదు.

"గోడ దాటి నెట్టు రాదు. గోడ దాటి నువ్వే రాయే" అన్నాను.

పిల్ల నిజంగానే గోడ దూకింది. తల్లి మాత్రం మర్యాదగా వీధి వాకిలి గుండా వచ్చింది. నేను పెట్టె స్విచ్చి వేసి, కంప్యూటరు మీద కవరు తీశాను. పైనుండే కెమెరా కంటికి నేను అతికించిన బొట్టుబిళ్ళను ఉడుత గోటితో తీసేసింది (దిష్టి మనకు తగలకుండా పెట్టాను, దానికి కాదు). కంప్యూటరు వెలిగింది. వెలిగి, "అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆపవద్దు" అని చెప్పి, నీలం రంగు తెర మీద చుక్కలు తిప్పుతూ కూర్చుంది.

"అవ్వా, ఎన్నాళ్ళ నుంచి ఇది అప్‌డేట్లు అడుగుతాండాది?"

"అడుగుతానే ఉంటాది. నెట్టు తినేస్తాదని 'తర్వాత' అని నొక్కుతా ఉంటా."

"అన్నీ ఇప్పుడు ఒకేసారి మొదలుపెట్టేసింది."

అరిచి గీపెట్టినా అది వినే రకం కాదు. తల్లి "ఆపేసి మళ్ళీ వెయ్యత్తా, మా ఫ్యానుకి అట్లనే చేస్తాము" అని స్విచ్చి మీదికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి మీద ఒకటి వేశాను. ఆపవద్దు అని తెలుగులో రాసి ఉంటే ఆపేది మూర్ఖులే. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగమే. ఆ సగం ఇలాంటి వాటికి సరిపోతుంది. ముగ్గురం తెర ముందు కూర్చుని పాలు పొంగుతాయేమోనని చూసినట్టు ఆ అంకెల్నే చూశాం. అంకె నిండి, కంప్యూటరు మళ్ళీ వెలిగి, మా తిరుపతి కొండ బొమ్మ కనపడింది.

నెట్టు మాత్రం రాలేదు. మూలన భూగోళం బొమ్మ, దాని మీద అడ్డగీత. ఏడు కావస్తోంది. తల్లి నా వైపు చూసిన చూపుకి వేరే మనిషికైతే జ్వరం వచ్చేది. ఉడుత మాత్రం బల్ల కిందికి దూరి వైరు పట్టుకుని చూసి, "దీంట్లో అగ్గిపుల్ల ఎవురు పెట్టినారు?" అంది. నేనే పెట్టాను. వైరు కొనకుండే ప్లాస్టిక్కు నాలుక విరిగి ఊడిపోతుంటే, కొత్త వైరు ఎందుకు దండగని అగ్గిపుల్ల చెక్కాను. ఆ పుల్ల ఎండి, సన్నబడి, వైరు జారింది. ఉడుత తన జడ రబ్బరు తీసి, వైరు కదలకుండా బిగించి కట్టింది. అడ్డగీత పోయింది. జుట్టు విరబోసుకునే ఇంటర్వ్యూకి కూర్చుంది.

తెర మీదికి ఒక సారు వచ్చాడు. కళ్ళద్దాలు, మంచి ముఖం. నేను వంటింటి గడప దగ్గర, తల్లి తలుపు చాటున. సారు ఇంగ్లీషులో ఏవేవో అడిగాడు, ఉడుత చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గనక బాగానే చెప్పి ఉంటుంది. అంతలో ఏమైందో ఏమో, ఆ మంచి ముఖం కాస్తా ఎర్రబడి, తెలుగులోకి దిగి కేకలు మొదలుపెట్టాడు.

"ఏమ్మా, నెలనెలా దుడ్లు కట్టించుకునేది బాగా తెలుసు గదా మీకు? పొద్దున్నుంచి మా ఇంట్లో నెట్టు లేదు! ఫోను చేస్తే ఒక్కరికీ ఏమీ తెలీదు! మీరంతా దండగ!"

ఉడుత "సార్... సార్..." అని ఆగిపోయింది. మా ఇంట్లో కూర్చుని, మా నెట్టు తింటూ, మా పక్కింటి ఆడపిల్లని అన్నేసి మాటలంటాడా? నా కాళ్ళు నన్నడగలేదు. పోయి ఆ కెమెరా ముందు నిలబడ్డాను.

"ఏమప్పా, యావూరు నీది? ఆడబిడ్డతో మాట్లాడే తీరు ఇదేనా? నీ నెట్టు రాకపోతే ఈ బిడ్డేం చేసింది?"

"మీరెవరమ్మా?"

"నేనెవరైతే నీకేమి? ముందు నీ పెట్టె స్విచ్చి వేసుండావా లేదా?"

"వేసే ఉండాదమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి.

"దీపాలేమైనా వెలుగుతాండాయా?"

"ఒకటి వెలుగుతాండాది. ఎర్రది."

నా విద్య అక్కడితో అయిపోయింది. మా పెట్టె మీద పచ్చవి తప్ప ఎర్ర దీపం నేనెన్నడూ చూడలేదు. ఉడుత వైపు తిరిగి, "ఎర్రదంట. ఎర్రదైతే ఏమే?" అన్నాను.

"లైను రాలేదని అవ్వా" అంది గుసగుసగా.

"లైను రాలేదంటప్పా."

"అయితే నేనేం చెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యాలంటనే?"

ఆ పిల్లకి నవ్వు వచ్చేసింది. నవ్వు వచ్చిందంటే గొంతు కూడా వచ్చినట్టే. నన్ను భుజం పట్టి పక్కకి జరిపి, కుర్చీలో నిటారుగా కూర్చుంది. "సార్, పెట్టె వెనక సన్న పసుపు వైరు ఉంటుంది, అది ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. లాగొద్దు, మెల్లగా సరిచేయండి. మీ పక్కింట్లో నెట్టు వస్తా ఉండాదా సార్? వాళ్ళకీ లేదంటే తప్పు మీ ఇంట్లో కాదు, బయట లైన్లో. ఫిర్యాదు నేను రాసుకుంటాను. మనిషి ఎప్పుడొస్తాడో మీరు అడగనక్కర లేదు, నేనే ఫోను చేసి చెప్తాను." ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. సారు కూడా చల్లబడి, "సరేమ్మా, రేపు పొద్దున చెప్తాము" అని వెళ్ళిపోయాడు.

తెర ఆరిందో లేదో తల్లి బయటికొచ్చింది. "నా బిడ్డ నోటికాడి కూడు తన్నేసినావు గదత్తా! పెద్ద ఉద్యోగాలిచ్చే సారుని పట్టుకుని యావూరు నీది అంటావా?"

"తిడతా ఉంటే సూస్తా కూర్చుంటానా?"

"అవ్వా," అంది ఉడుత, "ఆయన నిజంగా తిట్టలేదు. కోపంగా ఉండే కస్టమర్ మాదిరి నటించినాడు. అదే పరీక్ష."

"నటించినాడా?"

"ఊ."

"మరి ఎర్ర దీపం?"

"అదీ లేదు."

నాకు అన్నింటికంటే ఆ ఎర్ర దీపం దగ్గరే మనసు విరిగింది. పాపం, లైను లేక ఎన్ని తిప్పలు పడుతున్నాడో అని అప్పటికే జాలి కూడా పడ్డాను. అయినా బయటపడలేదు. "నటనైతే మాత్రం ఏమి, తిట్టు తిట్టే" అని, పెట్టె స్విచ్చి ఆపేశాను.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, అంచు చీర కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఎందుకంటే, ఆ సారు తప్పకుండా నా గురించి అడుగుతాడని నాకు తెలుసు. అంత ధైర్యంగా మాట్లాడే మనిషి వాళ్ళ ఆఫీసులో మాత్రం ఎవరున్నారు? బెంగుళూరికైతే రాలేను, ఇక్కడ్నుంచే చేస్తానని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఇడ్లీలు దించే వేళకి పక్కింట్లో ఫోను మోగింది. కాసేపటికి తల్లి ఏడుపు, నవ్వు కలిపి వినిపించాయి. ఉడుత గోడ దూకి వచ్చి నా కాళ్ళకి దండం పెట్టింది. ఉద్యోగం వచ్చింది. సోమవారం కుప్పంలో రైలెక్కాలి, కొన్నాళ్ళు బెంగుళూరులో నేర్పించి, తర్వాత ఇంటి నుంచే చేయిస్తారట.

"నా గురించి ఏమన్నా అడిగినారా?"

"లేదవ్వా."

"ఒక్క మాట కూడా?"

పిల్ల తల దించుకుని నవ్వు ఆపుకుంది. "ఇంట్లో పని చేసేటప్పుడు తలుపుండే గది ఒకటి చూసుకోమన్నారు."

నేను లోపలికి పోయి అంచు చీర విప్పి, పాత మడతల మీదే మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశాను. ఒక్క గంట కట్టిన చీరకి ఉతుకు అవసరం లేదు.