ఎర్రల కోసం వచ్చిన మనిషి

ఈ రోజు పొద్దున మా తలుపు ఎవరో కొట్టారు. ఆ చప్పుడు విని చాలా రోజులైంది. పాస్టర్ని కదా, కనబడితే బైబిలు వాక్యం మొదలుపెడతానని మా ఊరు పెర్కిట్ జనం పక్క సందులోకి తిరిగిపోతారు.

వచ్చింది పసుపు మార్కెట్ హమాలీ ఖాజా భాయ్. గాలానికి గుచ్చడానికి ఎర్రలు, అంటే వానపాములు, కావాలట. ఎండలకు ఊరంతా నేల రాయిలా అయింది. మా పెరట్లో స్నానాల నీళ్లు పారే అరటి చెట్టు కింద మాత్రం తడి ఉంది. తవ్వుకోమన్నాను. పసుపు పట్టిన వేళ్లతో ఆయన మట్టి కెలుకుతుంటే ఊరుకోలేక బైబిలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ప్రభువు ముందుగా పిలిచింది చేపలు పట్టేవాళ్లనేనని అందుకున్నాను.

"జర మెల్లగ చెప్పుర్రి పాస్టర్ సాబ్," అన్నాడు తల ఎత్తకుండా. "మీ గొంతుకు ఎర్రలు గూడ లోపలికి పోతున్నయి."

దేవుడు ఏలీయా ప్రవక్తతో పెనుగాలిలో కాదు, మెల్లని స్వరంతో మాట్లాడాడని ఎన్నోసార్లు బోధించాను. అదీ మైకులోనే. బైబిలు మూసి పక్కన పెట్టాను. మా ఆవిడ పోయాక నా పక్కన ఒక మనిషి అంతసేపు ఉండటం ఇదే మొదలు.

డబ్బా నిండాక లేచాడు.

"రేపొస్తవా భాయ్?" అని అడిగాను.

"ఎర్రలుంటె వస్త."

సాయంత్రం అరటి చెట్టు కింద రెండు బకెట్ల నీళ్లు పోశాను. ఎర్రలు అక్కడే నిలవాలంటే ఇంకేం వెయ్యాలో తెలిసినవాళ్లు కింద కామెంట్లో చెప్పండి. జవాబుగా వాక్యం పెట్టనని మాట ఇస్తున్నాను.