గద్దల వాటా

మా బావ తొకుజికి నిలకడ లేదు. అన్నం తింటున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. ఆయన కదలకుండా కూర్చునేది ఒక్కచోటే. మా ఊరి దగ్గర షిబెత్సు కొండమీద జింకను వేటాడి కోసి, పేగులు మంచుమీద వదిలి, సముద్రం వైపు నుంచి గద్దలొచ్చి తినేదాకా రాయిలా కూర్చునేవాడు. "వాటి వాటా వాటికి పెట్టాలిరా" అనేవాడు. ఆయన తుపాకీ పేలితే చాలు, అవి వచ్చి వాలేవి.

ఆ చలికాలం ఓ గద్ద ఎగరలేక దారిపక్కన పడి ఉంటే, కోటులో చుట్టి పక్షుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. అది మా కళ్లముందే పోయింది. ఆవిడ ఎక్స్‌రే చూపించింది. పొట్టలో తెల్లటి నలుసులు.

"సీసమండీ. తూటా జింక ఒంట్లో పొడైపోతుంది. ఆ పేగులు తింటే వీటి పని అంతే. రాగి తూటాలు వాడండి."

"పొద్దున గద్దలు రాకముందే వదిలేసొచ్చిన పేగుల కుప్ప అక్కడే ఉందిరా" అంటూ బావ లేచాడు.

దారంతా నన్ను తిట్టాడు. "బండి నడుపుతున్నావా, నిద్రపోతున్నావా?"

"మంచులో బోల్తాపడితే మనమే వాటి వాటా అవుతాం. ఊరుకో బావా."

మేం వెళ్లేసరికి కుప్ప పక్కన ఒక గద్ద వాలి ఉంది. పసుపు ముక్కుకి ఇంకా నెత్తురంటలేదు. బావ చేతులూపుతూ అరిచాడు. అది ఆయన్ని గుర్తుపట్టి ఒకడుగు ముందుకేసింది. భయపడాలని దానికెవరు నేర్పారు? బావ తుపాకీ ఆకాశంలోకి ఎత్తాడు. గొట్టం పట్టుకున్నాను.

"పేల్చావంటే మిగతావన్నీ వస్తాయి. నువ్వు అలవాటు చేసిందే."

తుపాకీ నా చేతిలో పడేసి, కొమ్మ విరిచి గద్దమీద పడ్డాడు. రెక్కమీద కొట్టాడు. ఏడుస్తూ కొట్టాడు. అది లేచిపోయాక కుప్పనంతా గోనెసంచిలోకి ఎత్తుకుని దిగాం.

మరుసటి చలికాలం రాగి తూటాలు తెచ్చాడు. గురి తప్పుతుందని నేను గొణిగాను గానీ జింక పడింది. వాటా పెట్టి, పాత చోటే కూర్చున్నాడు. నిరుటిదే కాబోలు, గద్ద వచ్చి చెట్టు చివర వాలింది. కుప్పను కాదు, ఆయన్నే చూస్తోంది. ఎంతసేపు చూసినా దిగలేదు.

"నువ్వుంటే దిగదు బావా" అన్నాను. నా నోరు అంతే.

ఆయన లేచి కొండ దిగడం మొదలుపెట్టాడు. మలుపు దగ్గర నేను వెనక్కి చూశాను.

"తింటోందా?" అని అడిగాడు, తల తిప్పకుండానే.

"తింటోంది."