నీటి పెళ్లాం

మా అమ్మమ్మ తూబాకు ఒక అక్క ఉండేది, పేరు ఖావర్. ఆమెకు ముగ్గురు మొగుళ్లు. మొదటివాడు ఒంటెలు తోలేవాడు. ఉప్పు ఎడారిలో దాహంతో పోతే తోటివాళ్లు అక్కడే పాతిపెట్టి, అతని చెప్పులు మాత్రం తెచ్చి ఇచ్చారు. రెండోవాడు మనిషి కాడు, నీరు. మూడోవాడు బెమాన్‌అలీ. రెండోవాడికీ మూడోవాడికీ మధ్య ఒక వేసవిలో ఏం జరిగిందో మా అమ్మమ్మ కళ్లారా చూసింది. ఆమె చెప్పిందే నేను చెబుతున్నాను.

మా ఊరికి ఎగువన షాజాదా తోట. షాజాదా అంటే రాజుగారి బంధువు, మా ప్రాంతానికి పాలకుడు. కొండ కడుపులోంచి సొరంగం తవ్వి తెచ్చిన నీళ్లు తోట పైగోడ దగ్గర బయటపడతాయి. మేడ ముందు కొలను నింపి, మెట్లు మెట్లుగా కాలువల్లో దిగి, నిటారుగా పెరిగే సర్వ్ చెట్లకూ దానిమ్మలకూ తాగించి, మిగిలినవి కింది తూములోంచి మా బార్లీ చేలకు వస్తాయి. ముందు తోట తాగాలి, తర్వాతే మేం. ఎవరూ దాన్ని తప్పని గాని ఒప్పని గాని అనుకోలేదు. ఎండ లాగే అదీ ఒకటి.

ఆ ఏడు కొండమీద మంచు పడలేదు. వసంతానికల్లా సొరంగం నోట్లో నీళ్లు చీలమండ దాటలేదు. బార్లీ పాలు పోసుకునే వేళకు తోట పెత్తందారు మీర్జా సైఫుల్లా గుర్రం మీద ఊళ్లోకి వచ్చాడు.

"ప్రభువులు జనానాతో సహా వేసవికి వస్తున్నారు. కొలను నిండుగా ఉండాలి. లేదంటే కింది తూము మూయిస్తాను. మీ చేలు, మీ గాడిదలు, మీ పిల్లలు ఏం తాగుతారో మీరే చూసుకోండి."

ఊరి నీటి పంపకం చూసే మీరాబ్ హైదర్ పెద్దలను కూర్చోబెట్టాడు. మా వైపు నమ్మకం ఏమిటంటే కొన్ని సొరంగాల నీళ్లు మగవి. పెళ్లాం లేకపోతే అలుగుతాయి, ఎండిపోతాయి. మా నీటికి పెళ్లాంగా ఉన్న ముసలామె అంతకు ముందటి చలికాలం పోయింది. ఆ చోటు ఖాళీగా ఉంది. ఊళ్లో వయసులో ఉన్న విధవ ఖావర్ ఒక్కతే. పిల్లలు లేరు. మరిది ఇంట్లో ఒక మూల పడుకుని, వాళ్ల గాడిద కంటే ఎక్కువ పని చేసి, వాళ్ల మేకల కంటే తక్కువ తినేది. నీటిని కట్టుకుంటే ప్రతి కోతకూ ఊరంతా కలిసి ఆమెకు గోధుమలు పోస్తారు. బదులుగా ఎండాకాలమంతా సొరంగం నోట్లో స్నానం చేయాలి, మరో మగవాణ్ణి తలవకూడదు.

"నన్నెవరూ అడగలేదు. కాని అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నే. మరిది ఇంట్లోంచి బయటపడటానికి కొండనైనా కట్టుకునేదాన్ని," అని తర్వాత చెల్లెలితో అంది ఖావర్.

పెళ్లి నిజం పెళ్లిలాగే చేశారు. గోరింట పెట్టి, గాడిద మీద ఎక్కించి, డప్పులతో సొరంగం నోటి దగ్గరకు తీసుకెళ్లారు. దారి పొడవునా ఆడవాళ్ల వేళాకోళం.

"అదృష్టవంతురాలివే. కొట్టడు, తిట్టడు, రొట్టె మాడిందని మొహాన విసరడు."

"చలికాలం పక్కలోకి రానిచ్చేవు, గడ్డకట్టుకుపోతావు."

"మా ఇంటాయన్ని తీసుకుని నీ ఆయన్ని ఇవ్వవే, ఒక్క ఏడాదికి."

పెళ్లి చదివే మతగురువు ఆఖుంద్ సమ్మతమా అని అడిగితే వాడుక ప్రకారం ఆడవాళ్లు, "పెళ్లికూతురు పూలు కోయడానికి వెళ్లింది" అన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ అదే అన్నారు. ఆ తర్వాత ఖావర్ సరేనంది. పెళ్లికొడుకు తరఫున హైదర్ నీళ్లలో చేయి ముంచి, "ఒప్పుకున్నాం" అన్నాడు. మగవాళ్లంతా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఖావర్ ఒక్కతే ఆ చల్లటి చీకట్లోకి దిగింది.

మీర్జా మాత్రం పెళ్లి మీదే భారం వేసి కూర్చోలేదు. యజ్ద్ పట్నం వైపు నుంచి సొరంగాలు బాగుచేసే ఉస్తాను పిలిపించాడు. అతనే బెమాన్‌అలీ. ముప్పై దాటినవాడు, పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉండేవాడు. ఆ పనివాళ్లందరిలాగే తెల్లబట్టలు కట్టేవాడు. లోపల మట్టి కూలితే అవే శవానికి చుట్టే కఫన్ అవుతాయని. సొరంగం మీద అక్కడక్కడా తవ్విన నిలువుబావుల్లోంచి తాడు పట్టుకుని సొరంగంలోకి దిగి, పేరుకున్న బురద తోలుబకెట్లలోకి ఎత్తేవాడు. పైన మావాళ్లు చక్రం తిప్పి లాగేవారు.

సాయంత్రాలు అతను సొరంగం నోట్లోంచే నడిచి బయటికి వచ్చేవాడు. ఒకరోజు అక్కడ ఖావర్ బట్టలు పిండుకుంటూ కనబడింది. అతను గబుక్కున మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తప్పయింది. నువ్వున్నావని తెలీదు."

"ఇది మా ఇల్లే ఉస్తా. నువ్వే చెప్పకుండా వస్తున్నావు."

"అయితే మీ ఆయన కడుపులో పొద్దుటినుంచీ గోకుతున్నాను. నొప్పి అన్నాడా?"

"మాట్లాడడు. అదే అతనిలో మంచిగుణం."

బెమాన్ నవ్వాడు. ఆ నవ్వు సొరంగంలోకి వెళ్లి తిరిగి వచ్చింది. ఆ తర్వాత అతను నోటికి ఇంకా చాలా దూరం ఉండగానే దగ్గేవాడు. ఆమె చున్నీ సర్దుకుని, "రా" అనేది. రెండు మాటలు మాట్లాడుకునేవారు. కొన్నాళ్లకు రెండు మాటలు నాలుగయ్యాయి.

బురద తీసేకొద్దీ నీళ్లు పెరిగాయి. కాని ఊళ్లో దాన్ని ఉస్తా పనితనం అనలేదు, పెళ్లి పనిచేసిందన్నారు. ఖావర్ చేతులకు ముద్దులు పెట్టారు. సరిగ్గా అప్పుడే బెమాన్ ఆమెను అడిగాడు.

"పని అయ్యాక నాతో వస్తావా? నిఖా చేసుకుందాం."

"నాకు మొగుడున్నాడు కదా."

"నేను నిజంగానే అడుగుతున్నాను, ఖావర్."

"నేనూ నిజంగానే చెబుతున్నాను. ఇప్పుడు నన్ను వదులుతారా వీళ్లు? నీళ్లు తగ్గినా నన్నే అంటారు, పెరిగినా నన్నే అంటారు."

ఎవరు విన్నారో, ఆ మాట ఊళ్లో పాకింది. హైదర్ బెమాన్‌ను దారిలో ఆపాడు. "ఉస్తా, పొరుగూరివాడివి. నీ ప్రాణానికి చెబుతున్నాను. ఆ పిల్ల జోలికి పోకు. నువ్వు రోజంతా ఎవరి చేతుల్లో ఉంటున్నావో గుర్తుందా?"

"నాకు భయం నీటితో కాదు మీరాబ్. తోటకు దగ్గరి బావి అడుగున మట్టి పుచ్చిపోయింది. గోడలకు ఆసరాగా కాల్చిన మట్టిచుట్లు బిగిస్తే గాని అక్కడ చేయి పెట్టకూడదు."

ఆ మాటే మీర్జాకూ చెప్పాడు. చుట్లు పట్నం నుంచి ఒంటెల మీద రావాలి. మీర్జా వినలేదు. ప్రభువులు అప్పటికే బయలుదేరారు. కొలను ఇంకా మూడొంతులు కూడా నిండలేదు.

"చుట్లు వచ్చేదాకా కింది తూము మూసేస్తాను. ఊరంతా నీకు దండం పెడుతుంది," అన్నాడు. అన్నట్టే మూయించాడు.

మర్నాటికి చేలలో బార్లీ తలలు వాల్చింది. అంతకు ముందు దాకా బెమాన్‌కు పెరుగు పెట్టినవాళ్లే అతని గుడిసె ముందు చేరి, "మా పిల్లల్ని చూడు ఉస్తా" అన్నారు. ఖావర్ జనంలోంచి తోసుకుంటూ వెళ్లింది.

"దిగకు. మట్టి పుచ్చిందని నువ్వే కదా అన్నావు."

"ఒక్క వరస మట్టి తీస్తే నీళ్లు దూకుతాయి. జాగ్రత్తగానే చేస్తాను."

"నీ జాగ్రత్త ఆ మట్టికి తెలుసా?"

అతను తలపాగా బిగించుకుని బావి వైపు వెళ్లిపోయాడు.

ఖావర్ ఇంటికి వెళ్లలేదు. చెల్లెల్ని వెంటబెట్టుకుని సొరంగం నోటి దగ్గర కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నీళ్లు ఇటుక రంగులోకి తిరిగాయి. చూస్తుండగానే సన్నబడ్డాయి. కాసేపటికి కాలువ అడుగున రాళ్లు తేలాయి. నీళ్ల చప్పుడు ఆగిపోవడం పుట్టిన తర్వాత అదే మొదటిసారి వినడం, చెవుల్లో దూది కుక్కినట్టయింది అనేది మా అమ్మమ్మ.

బావి మీది మనుషులు అరుస్తూ వచ్చారు. తాడు లాగితే ఉత్త కొసే వచ్చింది. బావి అడుగు మొత్తం కూలింది. పైనుంచి దిగే దారి లేదు.

అందరూ నోటి దగ్గర గుమిగూడారు. హైదర్ వంగి లోపలికి చూశాడు.

"ఉస్తా మట్టికి ఇవతలుంటే బతికుండొచ్చు. కాని అవతల నీళ్లు పేరుకుంటున్నాయి. ఆ మట్టికట్ట ఎప్పుడు తెగుతుందో తెలీదు. తెగినప్పుడు లోపలున్నవాడు ఎలుకలా పోతాడు."

"అయితే వదిలేస్తారా?" అంది ఖావర్.

వెనకనుంచి ఎవరో, "నీటికి కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఖావర్‌కే తెలుసు" అన్నారు.

ఖావర్ అటు తిరిగి చూడలేదు. దీపం ఒకటి, పొట్టిపార ఒకటి తీసుకుంది. హైదర్ చేయి అడ్డం పెట్టాడు.

"ఆడదానివి, ఎక్కడికి?"

"మా ఆయన ఇంట్లోకి. నువ్వే కదా అతని తరఫున ఒప్పుకున్నది. జరుగు."

ఆమె లోపలికి వెళ్లాక మా అమ్మమ్మ ఊరి మగవాళ్లను నిలబెట్టి తిట్టింది. అప్పటికి ఆమెకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు, అత్తామామలు అక్కడే ఉన్నారు. "గోధుమలు పోస్తామంటారు, చేతులకు ముద్దులు పెడతారు. ఇప్పుడు ఒక్కడికీ కాళ్లు రావు. అది పోతే రేపు ఎవర్ని కడతారు ఈ నీటికి? మీ కూతుళ్లనా?"

సొరంగంలో నిలబడి నడవడానికి లేదు. ఖావర్ వంగి, భుజాలు గోడలకు రాసుకుంటూ వెళ్లింది. పైనుంచి మట్టిబెడ్డలు రాలుతున్నాయి. పిలుస్తూ పోతే ఒకచోట మూలుగు వినబడింది. బెమాన్ బోర్లా పడి ఉన్నాడు, తొడల దాకా మట్టి. అతని వెనక మట్టికుప్ప సొరంగాన్ని కప్పు దాకా మూసేసింది. దాని పగుళ్లలోంచి నీళ్లు చెమటలా కారుతున్నాయి.

దీపం చూసి అతను తల ఎత్తాడు. "ఎవరూ?"

"నేనే."

"వెళ్లిపో. ఇది తెగుతుంది. వినబడటం లేదా?"

ఆమెకూ వినబడుతోంది. కుప్ప అవతల ఏదో బరువుగా గోడకు ఆనుకుని ఊపిరి పీలుస్తున్నట్టు ఉంది.

"నోరు మూసుకుని కాళ్లు కదుపు," అంటూ పారతో తవ్వడం మొదలుపెట్టింది. ఎక్కువ తవ్వితే కట్ట తెగుతుంది, తక్కువ తవ్వితే కాలు రాదు. పార పక్కన పడేసి గోళ్లతో తీసింది. ఒక కాలు వచ్చింది. రెండోది బండరాయి కింద ఉంది. లాగితే అతను కేక పెట్టాడు. ఆ కేకకు పైనుంచి ఇంకొంత మట్టి రాలింది. ఇద్దరూ ఊపిరి బిగపట్టారు.

వెనక బురదలో ఎవరో పాకుతున్న చప్పుడయింది. ఖావర్ తిరిగి చూస్తే హైదర్. తలపాగా లేదు, మొహమంతా మట్టి. ఆమె పక్కనుంచి చేయి జొనిపి రాయి అంచు పట్టుకున్నాడు.

"నేను ఎత్తుతాను. నువ్వు లాగు. ఒకసారే," అన్నాడు.

రాయి లేచింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది. ఆమె బెమాన్ చంకల కింద చేతులు వేసి ఈడ్చింది. హైదర్ అతని నడుం పట్టాడు. వెనక పగుళ్లలో నీటి చప్పుడు మారింది. అంతవరకూ కారుతున్నది ఇప్పుడు చిమ్ముతోంది. వాళ్లు వెనక్కి చూడలేదు. నోటి వెలుతురు అరచేయంత కనబడింది, తర్వాత కిటికీ అంత. అప్పుడే కట్ట తెగింది.

బయట మా అమ్మమ్మకు ముందు గాలి తగిలింది. తడిమట్టి వాసన. ఆ వెంటనే ఎర్రటి నీళ్లు విరుచుకుపడి, ముగ్గుర్నీ ఒకరి మీద ఒకర్ని కాలువలోకి, కాలువలోంచి షాజాదా కొలనులోకి విసిరేశాయి. మగవాళ్లు దూకి బయటికి లాగారు. ఖావర్ చేతులు బెమాన్ చొక్కాకు బిగుసుకుపోతే వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. ముగ్గురూ బతికారు.

మీర్జా కొలను చుట్టూ తిరుగుతూ నెత్తి కొట్టుకున్నాడు. రెండు రోజులకు షాజాదా వచ్చేనాటికి కూడా నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, "కొండ ఎర్రమన్ను ప్రభూ, పాదాలకు మంచిది" అన్నాడట మీర్జా. షాజాదా జోళ్లు విప్పించి కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కొలను మాత్రం అంచుల దాకా నిండింది. కింది తూము తెరిచారు. చేలు సగం దక్కాయి.

బెమాన్ కుడికాలు వంకరగా అతుక్కుంది. ఇక బావుల్లోకి దిగలేడు. ఖావర్ అతన్ని కట్టుకుంటానని పెద్దల ముందు చెప్పింది. వాళ్లు ఒప్పుకోలేదు. నీళ్లు ఇంత బాగా వస్తుంటే ఇప్పుడా అన్నారు. ఆఖుంద్ గడ్డం నిమురుకుని, "తలాక్ చెప్పాల్సింది భర్త. ఈ భర్తకు నోరేదీ?" అన్నాడు.

హైదర్ లేచి నిలబడ్డాడు. "ఆఖుంద్ గారూ, నేను లోపలున్నాను. నీరు వాళ్లిద్దర్నీ ఉంచుకోవాలనుకుంటే అక్కడే ఉంచుకునేది. కలిపి బయటికి విసిరింది. ఇంతకంటే తలాక్ ఎలా చెబుతుంది?"

"మరి ఊరి నీటికి పెళ్లాం?"

హైదర్ తల్లి గౌహర్ గోడవార కూర్చుని ఉంది. పళ్లు లేవు, చూపు ఆనదు. "ఆ గోధుమలు నాకు పోయండి, నేను కట్టుకుంటాను. నా వయసుకు ఇంకో మొగుడు దొరుకుతాడనుకున్నానా?" అంది. నవ్వులు తగ్గాక ఆఖుంద్ చేసేదిలేక సరేనన్నాడు.

ఖావర్ బెమాన్‌తో వెళ్లిపోలేదు, అతనే ఇక్కడ ఉండిపోయాడు. తోట కింది గోడ పక్కన బట్టీ పెట్టి సొరంగాలకు మట్టిచుట్లు కాల్చేవారు ఇద్దరూ. ముగ్గురు పిల్లలు పుట్టారు. కోపమొస్తే ఆమె అతన్ని కుంటోడా అనేది, అతను ఆమెను రాణీగారూ అనేవాడు. ఆ వృత్తిలో పుట్టిన అతని అన్నదమ్ములు, తండ్రి, తాత అందరూ మట్టికింద పోయారట. బెమాన్ ఒక్కడు శీతాకాలం ఉదయాన, ఇంట్లో, కుంపటి పక్కన పరుపుమీద, భార్య చేతి టీ సగం తాగి కన్ను మూశాడు.