మా మేనత్త పెరుగు గుడ్డ

మా అక్క బిడ్డ వచ్చే వారం చదువుకు బయటి దేశం పోతాంది. నిన్న పొద్దుగూకంగ మేడ్చల్‌ల వాళ్లింటికి పోయేసరికి పిల్ల సూట్‌కేసు మీద కూసొని జిప్పు లాగుతాంది, మా అక్క ఇంకో తొక్కు డబ్బా పట్టుకొని పక్కన నిలవడ్డది. "చిన్నమ్మా, నువ్వు అక్కడ ఉండొచ్చినవ్ గద, నువ్వన్న చెప్పు మా అమ్మకు," అన్నది పిల్ల. అడిగినంక ఊకుంటనా, మస్తు చెప్పిన. కాయిదాలన్నీ భుజానికేసుకునే బ్యాగులనే పెట్టుకో. చలికోటు ఇక్కడ కొనకు, మన కోటు అక్కడి గాలికి ఆగది. జరం వచ్చేదాక చూడకుండ పోయిన కొత్తల్నే డాక్టరు దగ్గర పేరు రాయించుకో. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరువు, లేకుంటె పొగ అలారం మొత్తుకొని బిల్డింగు బిల్డింగంత రోడ్డు మీదికొస్తది. నా జీలకర్ర మాడినందుకు చలిల వణుకుకుంట నిలవడ్డోళ్లకు మొఖం చూపియ్యలేక నేను ఎంత పరేషాన్ అయిన్నో నాకే ఎరుక. ఇవన్నీ చెప్పి, ఆఖరుకు నా సంచిలకెళ్లి ఎండిన తెల్లగుడ్డ ఒకటి తీసిన. పిల్ల ముక్కు మూసుకున్నది. ఒకప్పుడు నేను గూడ గట్లనే మూసుకున్న.

నాకు అసుంటి గుడ్డ ఇచ్చింది మా మేనత్త. లాల్‌గడి మలక్‌పేట్‌ల ఉండేది. రెండు బర్లు, ఇంటెనుక కొట్టం, పొద్దుందాక ఏదో ఒక పని. ఆమె పెరుగు గిన్నె బోర్లిచ్చినా కిందపడకపోయేది. కాపురానికొచ్చిన కొత్తల వాళ్ల అత్త చేతుల పెట్టిన తోడు అది. నిన్నటి పెరుగు జరంత ఇయ్యాలటి పాలల్ల, ఇయ్యాలటిది రేపటి పాలల్ల, అట్ల ఏండ్లకేండ్లు తెగకుండ నడిపింది. కీసర జాతరకు పోయినా పక్కింట్ల జరంత పెట్టి పోయేది. తోడేసే ముందు పాలల్ల చిటికెన వేలు ముంచి, అదేదో పెద్ద ఆలోచన అయినట్టు కండ్లు మూసుకునేది. నేను చదువుకు పోతున్నప్పుడు చుట్టాలంతా స్వీట్లు, స్వెటర్లు తెచ్చిన్రు. ఈమె మాత్రం ఉతికిన పాత నూలుగుడ్డను పెరుగుల ముంచి ఎండేసి, మళ్ల ముంచి మళ్ల ఎండేసి, అప్పడం లెక్క అయినంక మడతపెట్టి ఇచ్చింది. "గోరువెచ్చటి పాలల్ల చిన్న ముక్క కత్తిరించి వెయ్యి బిడ్డా. అక్కడ అన్నీ వాళ్లయి తింటవ్, పెరుగన్న మనది తిను," అన్నది.

అక్కడ నా రూంల ఇంకో పిల్ల ఉండేది. కోస్తా దిక్కు వాళ్లు, సుచిత్ర కాడ కొత్త కాలనీల ఇల్లు. శుభ్రమంటే ప్రాణం ఆ పిల్లకు. నేను దిగిన రెండో దినం కాలేజీకి పోయొచ్చేసరికి గుడ్డ తెల్లగ మెరుసుకుంట హీటరు మీద ఆరుతాంది. "నీ రుమాలు పుల్లటి వాసనొస్తోందని మిషన్లో వేసేశాను, ఏమనుకోకు," అన్నది పాపం. ఏమనుకుంట? మంచం మీద కూసొని ఏడ్చిన. గుడ్డ కోసమా, ఇంటి కోసమా అంటే చెప్పలేను. అత్తకు ఫోన్ చేస్తె ముందుగాల కడుపార నవ్వింది. "ఏడ్వకే. సల్ల మిరపకాయల మూట ఇచ్చిన గద, అది గట్టిన గుడ్డ ఏందనుకున్నవ్? ఒకటి ఆగం చేస్తవని నాకెరుకలేదా," అన్నది. మూట విప్పి ఆ గుడ్డ ముక్క పాలల్ల వేసిన. మొదటిసారి పేరుకోలేదు, గది అంత సల్లగుండె. "పసిపిల్లను కప్పినట్టు కప్పు. ఊకూకె మూత తీసి చూడకు," అన్నది. స్వెటర్ల చుట్టి హీటరు పక్కకు పెట్టి పండుకున్న. తెల్లారి మూత తీస్తె గడ్డ పెరుగు. ఒక్క ముద్ద నోట్ల పెట్టుకోంగనే అత్త కొట్టం, బర్ల వాసన, ఆమె కొంగు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చినయి. గుడ్డ ఉతికిన పిల్ల గూడ నాకంటె ఎక్కువ తిన్నది.

రెండో ఏడు అత్త కొట్టంల జారిపడి దవాఖాన్ల పడ్డది. ఇంటికి తాళం, బర్లు అమ్మిన్రు, పాలు తోడేసే దిక్కు లేదు. పక్కింటోళ్లు గూడ అప్పటికే ప్లాట్లోళ్లకు ఇల్లమ్మి పోయిన్రు. ఫోన్ల ఆమె గొంతుల అసుంటి దిగులు నేనెన్నడు వినలేదు. "మా అత్త తోడు నా చేతుల పోయింది బిడ్డా," అన్నది. నా దగ్గరుందని చెప్పిన. ఆమె నమ్మలేదు. ఆ దేశం పాలల్ల ఇంకా మనదెట్లుంటదని అడిగింది. ఇగ ఆ దినం నుంచి పరీక్షలున్నా, జరమొచ్చినా నేను తోడేసుడు తప్పియ్యలేదు. అది తెగితే ఆమెకు ఇచ్చెతందుకు నా దగ్గర ఇంకేం లేదు.

చదువైపోయినంక ఇంకో గుడ్డను నా పెరుగుల ముంచి ఎండేసి, మడతపెట్టుకొని వచ్చిన. అత్త మంచంల నుంచే ప్యాకెట్ పాలు కాగబెట్టిచ్చి, గిన్నె దగ్గరికి తెమ్మని, చిటికెన వేలు పెట్టి చూసింది. తెల్లారి నాలికె మీద జరంత ఏసుకొని కండ్లు మూసుకున్నది. తర్వాత "ఇదే," అన్నది. ఆ ఎండకాలం దాటలేదు ఆమె. ఇప్పుడు కొట్టం లేదు, అక్కడ లేఅవుట్ రాళ్లు పాతిన్రు. శామీర్‌పేట మీదికెళ్లి బస్సుల పోయినప్పుడల్లా కండ్లు అటే పోతయి. మస్తు యాదికొస్తది.

పిల్ల గుడ్డను వాసన చూసుకుంటనే సూట్‌కేసుల పెట్టుకున్నది. తొక్కు డబ్బా చుట్టూ ఇంకో పెరుగు గుడ్డ చుట్టిన, ఆ సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చి నా పాలు తోడేసుకున్న. పాలు ఎప్పుడు పెరుగైతయో నేను ఒక్కనాడు చూడలేదు, పండుకొని లేచేసరికి అయి ఉంటయి. అత్త లేని దినాలు ఎప్పుడు ఏండ్లయినయో గూడ నేను చూడలేదు.