దండకడెం దిగేదాకా పత్యం

పెళ్లయ్యాక నన్ను లావు చేయడానికి మా అత్త ఎంత కష్టపడిందో, తర్వాత సన్నం చేయడానికి అంతకు రెండింతలు కష్టపడింది. రెండూ ఒకే చేతి కోసం, ఆ చేతి మీదున్న ఒకే కడెం కోసం. మధ్యలో కంచం ముందు కూర్చుని అవస్థ పడింది మాత్రం నేను.

మా పుట్టిల్లు కుల్చారం పక్కన పల్లె. పెళ్లినాటికి నేను పుల్లలాగా ఉండేదాన్ని. పీటల మీద మా అత్త తన దండకడెం తీసి నా చేతికి తొడిగింది. మోచేతికి పైన, దండకు వేసుకునే వెండి కడెం అది. మామూలు కడేలకు సందు ఉంటుంది, కాస్త వంచి తీయవచ్చు. వీళ్ల ఇంటి కడెం మాత్రం ఎక్కడా సందు లేని నిండు గుండ్రం. మా అత్తకు వాళ్ల అత్త తొడిగిందట. నా చేతికి తొడిగిన క్షణమే అది జారి మణికట్టు దగ్గరికి వచ్చేసింది. అత్త తన పాత చీర పేలిక చింపి కడేనికి చుట్టి, మళ్లీ పైకి తోసి నిలబెట్టింది. మా వాళ్లంతా నవ్వారు. అత్తకు ఆ నవ్వు మనసులో నాటుకుపోయింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. మల్ల పండుగకొచ్చి సూడుండ్రి. గీ పేలిక ఉంటే అడుగుండ్రి," అన్నది.

మెదక్ బజారులో మాది చిన్న బట్టల దుకాణం. మా పెళ్లయిన కొన్నాళ్లకే మామ కాలం చేశాడు; ఇంట్లో అత్త, నేను, మా ఆయన. అత్త నా పక్కనే కూర్చుని అన్నం పెట్టేది. నేను చాలంటే ఆమెకు వినబడేది కాదు. సర్వపిండి మీద నెయ్యి, జొన్నరొట్టె మీద వెన్న, ఏమీ లేకపోతే బెల్లం గడ్డ. మా ఆయన దుకాణం మూసి వస్తూ కాగితంలో ఏదో ఒకటి కట్టించుకుని వచ్చేవాడు. నాకేమో తినడం మొదలుపెట్టాక కబుర్లు వస్తాయి, కబుర్లు మొదలుపెట్టాక చేయి ఆగదు. పేలిక ఊడిపోయింది. కడెం బిగిసింది. దానికి పైనా కిందా నా చేయి పొంగిన పూరీలాగా తయారైంది.

పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసల్మాను పెద్దామె రవికలు కుట్టేది; నాకు ఆమె ఖాలా, అంటే పిన్ని. మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. నేను వెళ్లిన ప్రతిసారీ నా రవిక చేతుల కుట్టు విప్పి వదులు చేసేది ఆమే.

"బేటీ, ఇగ లోపల బట్ట మిగల్లేదు. వచ్చేసారి చెయ్యన్న తగ్గియ్యి, లేకుంటే బట్టన్న తెచ్చుకో," అనేది.

"మీ అత్తగారింట్ల గిట్ల పెట్టలేదా అక్కా నీకు? కుళ్లుతున్నవ్," అని గోడ ఇవతలి నుంచి మా అత్త.

ఇద్దరూ అలాగే మాట్లాడుకునేవారు. ఒకరోజు మాట్లాడుకోకపోతే ఇద్దరికీ తలనొప్పి.

ఆ వేసవిలో మా ఆయన దుప్పట్ల కోసం నిజాం సర్కారు హద్దు అవతల షోలాపూర్ పోయాడు. ఆయన పోయిన తర్వాత దారులు మూసుకుపోయాయి. అవతలి నుంచి సరుకు రాదు, మనిషి రాడు, జాబు రాదు. ఊళ్లో గోడల దగ్గర జనం గుసగుసలాడుకునేవారు. ఫలానా పల్లెలో కమ్యూనిస్టులు రాత్రి వచ్చారట, ఫలానా పల్లెలో తెల్లారి రజాకార్లు వచ్చారట, ఆడవాళ్ల ఒంటి మీది సొమ్ములు గుంజుకున్నారట. ఏది నిజమో, ఏది కలిపి చెప్పిందో తెలియదు. భయపడడానికి సగం మాట చాలు కదా. మా వీధిలో ఆడవాళ్లందరి మెడలూ చేతులూ ఒక్క వారంలో బోసిపోయాయి.

మా వంటింట్లో జంట పొయ్యి ఉండేది. అత్త ఒక పొయ్యి అడుగు పగలగొట్టి లోతుగా తవ్వింది. అందులో ఇత్తడి చెంబు పెట్టింది. తన మెడలో వేసుకునే కంటె, నా కాళ్ల కడేలు, పుస్తెల పక్కన గుండ్లు అన్నీ చెంబులోకి పోయాయి. ఇక నా దండకడెం ఒక్కటి వేస్తే మూత పెట్టి, మట్టి మెత్తి, పైన మంట పెట్టేయడమే. పొయ్యి మండుతుంటే దాని కింద ఎవడు వెతుకుతాడు అని అత్త ఆలోచన.

కడెం రాలేదు. కుసుమనూనె పూసి లాగింది, సబ్బు పూసి లాగింది. నన్ను కింద కూర్చోబెట్టి తను నా భుజానికి కాలు తన్నిపెట్టి లాగింది. కడేనికి బదులు నేనే ముందుకు జరిగాను.

మరునాడు అవుసలాయనను పిలిపించింది. మా వీధిలో వెండి బంగారం పని ఆయనదే. నా చేయి అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలోంచి ఆకురాయి తీశాడు.

"కొయ్యాలమ్మా. తిరిగి అతికిస్త, జాడ గుడ కనపడది."

అత్త ఆయన చేతిలోంచి ఆకురాయి లాక్కుంది. మా అత్తవాళ్లలో దండకడెం కోసేది ఒక్కసారే, భర్త పోయినప్పుడు.

"నా కొడుకు యాడున్నడో ఎరుక లేక నేనుంటే, నా కోడలు చేతి మీద గిది పెడ్తవా అన్నా?" అన్నది అత్త.

అవుసలాయన నేల చూపులు చూశాడు. "అయితే కడెం పెరిగేది లేదు. చెయ్యే తగ్గాలె," అని సంచి సర్దుకున్నాడు.

నేను నవ్వబోయి అత్త ముఖం చూసి ఆగిపోయాను. రజాకార్లు వస్తారేమో అన్న భయం ఒకవైపు, ఈ కడెం కోస్తే ఆయన రాడేమో అన్న భయం ఒకవైపు. రెండో భయమే పెద్దది. అందుకే పత్యానికి ఒప్పుకున్నాను.

పత్యం అంటే పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం ఉలవచారు, సాయంత్రం మళ్లీ అంబలి. ఉలవలు కొవ్వును తింటాయని అత్త నమ్మకం. నెయ్యి గిన్నె ఉట్టి మీదికి ఎక్కింది. ఇంటి జొన్నలతో పాటు వీధిలో వాళ్ల జొన్నలు కూడా నా ఇసుర్రాయికే వచ్చాయి. ఎడమచేత్తో కూడా తిప్పమనేది, కడెం ఉన్నది ఆ చేతికే కాబట్టి.

పాపం అత్తకు అలవాటు పోలేదు. పరధ్యానంగా ఇంకో ముద్ద పెట్టేది, పెట్టిన వెంటనే గుర్తొచ్చి మళ్లీ తీసేసేది.

"పెట్టింది తీస్తరా అత్తమ్మా? కుక్క గుడ ఊకోదు," అన్నాను ఒకరోజు.

"కుక్కకు కడెం లేదు. నువ్వు ఊకో," అన్నది.

తెరిచిన పొయ్యి నోరు తెరుచుకుని నన్నే చూస్తూ ఉండేది. ఉన్న ఒక్క పొయ్యి మీదే అన్నం దించి చారు పెట్టాలి, చారు కాగేసరికి అన్నం చల్లారేది. దానికీ నా చేయే కారణం.

రోజూ స్నానం కాగానే పరీక్ష. అత్త చీపురు పుల్ల తెచ్చి కడేనికీ చేతికీ మధ్య దూర్చేది. మొదట్లో అది కూడా దూరలేదు. కొన్నాళ్లకు దూరింది. ఆ రోజు అత్త దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది, కొబ్బరిముక్క మాత్రం నాకు పెట్టలేదు. తర్వాత అగ్గిపుల్ల. తర్వాత పళ్లు తోముకునే వేపపుల్ల, కొంచెం సన్నది చూసి. చిటికెనవేలు దూరితే కడెం దిగినట్టే అని అవుసలాయన చెప్పాడు.

వేపపుల్ల దాకా వచ్చాం. అప్పుడు రంజాన్ నెల పట్టింది.

ఖాలా రోజాలు ఉంటున్నది. పొద్దు పొడవక ముందు తిని, పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. గోడ ఇవతల నుంచి చూస్తుంటే నాకు ఉపాయం తట్టింది. అంబలి తాగితేనే వేపపుల్ల దూరింది, మరి ఏమీ తినకపోతే చిటికెనవేలు ఎంతసేపు? అత్తకు చెప్పాను. అత్తకు మహా సంతోషం.

"అక్కా, మా పిల్లను గుడ నీతోని రోజా ఉండనియ్యి. జర దువా చెయ్యి, నా కొడుకొస్తె చాలు."

"ఉండనియ్యి చెల్లె, మంచిదేనాయె. ఒక్కదాన్నే ఇఫ్తార్ చేస్తుంటి, నాకు గుడ తోడైతది," అన్నది ఖాలా.

పగలు బాగానే గడిచింది. సాయంత్రం చర్చి గోపురం వెనక పొద్దు గూకి, మసీదు నుంచి అజాన్ వినబడేసరికి నా రెండు కళ్లూ ఖాలా పళ్లెం మీదే. ముందు ఒక ఖర్జూరపండు. తర్వాత తాలింపు పెట్టిన శనగలు. తర్వాత మిర్చీ బజ్జీలు. సరుకు దొరకని రోజుల్లో ఆమె అవన్నీ ఎలా కూడబెట్టిందో గాని, పగలంతా ఎండిన పిల్ల అని నాకే ఎక్కువ తోసేది. నేను తింటూ కబుర్లు చెప్పేదాన్ని, ఆమె వింటూ వడ్డించేది. ఆకలైన మనిషికి పెట్టడంలో ఆమెకు మా అత్తకంటే పట్టుదల ఎక్కువ. తెల్లవారుజామున మళ్లీ గోడ మీద గిన్నె. మా అత్తకు మాత్రం నేను పగలు ఏమీ తినకపోవడమే కనిపించేది.

పండగ నాడు సేమ్యాల పాయసం తాగి వచ్చి పరీక్షకు కూర్చున్నాను. వేపపుల్ల దూరలేదు. అగ్గిపుల్ల దూరలేదు. అత్త చీపురు పుల్ల కోసం లేచింది, అది కూడా సగంలో విరిగింది.

"ఏం తిన్నవే?"

"రోజా ఉన్న అత్తమ్మా."

"గోడకు చెప్పు," అని లేచి గోడ దగ్గరికే పోయింది. "అక్కా, నా పిల్లను రోజా ఉండమని పంపితే బలిపిచ్చి తోలిస్తివా?"

"నువ్వు దువా చెయ్యమంటివి, చేసిన. తిండి పెట్టొద్దని నాకు చెప్పినవా?" అన్నది ఖాలా. "ఆకలిగొన్న పిల్లకు పెట్టకుంటె నా రోజా కబూల్ అయితదా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇసుర్రాయి వైపు నడిచాను.

తర్వాత ఉలవలు ఎంత పని చేశాయో నేను చెప్పలేను. వానలు పడ్డాయి. శివ్వంపేట నుంచి వచ్చిన ఒక బేరగాడు, షోలాపూర్ దిక్కు నుంచి వస్తున్న వాళ్లలో కొందరిని దారిలోనే పట్టుకున్నారని చెప్పి పోయాడు. పేరు చెప్పలేదు, వాడికి తెలియదు. ఆ రోజు నుంచి అత్త ముద్ద పెట్టినా తీసేసినా నాకు తెలిసేది కాదు. పరీక్ష మానేశాం. ఆకాశంలో విమానాలు తిరిగాయి. అందరూ లోపల తలుపులు వేసుకుని కూర్చున్నారు. కడెం సంగతే ఎవరికీ గుర్తు లేదు.

ఒకరోజు మధ్యాహ్నం బజారులో ఒకటే కేకలు. యూనియన్ మిలిట్రీ వచ్చేసింది, నిజాం సర్కారు లొంగిపోయింది, రజాకార్లు పారిపోయారు అన్నారు. వీధి వీధంతా బయటికి వచ్చింది. పక్కింటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. పొగ కూడా లేదు. పల్లెల్లో ఇప్పుడు ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని మాకూ చెవిన పడింది.

అత్త గోడ దగ్గర నిలబడి పిలిచింది. చాలాసేపటికి ఖాలా వచ్చింది. చేతిలో చిన్న మూట. ఆమె కాళ్ల గొలుసులు, చెవుల జుంకీలు.

"చెల్లె, నీ పొయ్యి ఇంకా తెరిచే ఉన్నదా?"

"నీ పుణ్యాన తెరిచే ఉన్నది," అన్నది అత్త. "నువ్వు పిల్లకు మిర్చీలు పెట్టకపోతే ఎన్నడో మూస్తుంటి."

ఖాలా నవ్వబోయింది, ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది. అత్త ఆమెను చేయి పట్టుకుని గోడ దాటించింది. వంటింట్లో నేను బోర్లా పడుకుని, మూట చెంబులో పెట్టడానికి ఎడమ చేయి పొయ్యిలోకి దించాను. కడెం మోచేయి దాటింది, మణికట్టు దాటింది, చెంబులో ఠంగుమని పడింది.

ముగ్గురం పొయ్యిలోకి చూస్తూ ఉండిపోయాం.

"గిప్పుడు నిన్నెవలు పిలిచిండ్రే?" అని అత్త కడేన్ని అడిగింది.

తీసి మళ్లీ తొడుక్కోవాలా అన్నట్టు నేను అత్త వైపు చూశాను. అత్త ఒప్పుకోలేదు. "ఉండనియ్యి. అక్క సొమ్ముకు తోడుంటది," అని మూత పెట్టి, మట్టి మెత్తి, పైన నిప్పు రాజేసింది. ఎన్నాళ్లకో రెండు పొయ్యిలూ ఒక్కసారి మండాయి. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద పప్పు. ఊరు సద్దుమణిగేదాకా ఖాలా మా ఇంట్లోనే పడుకుంది. ఎవరైనా వచ్చి అడిగితే "మా అక్క" అనేది అత్త. ఆ తర్వాత ఇంకేం అడగాలో వాళ్లకు తోచేది కాదు.

బతుకమ్మ పూలు తెంపే రోజుల్లో మా ఆయన వచ్చాడు. గడ్డం పెరిగి, దుప్పట్లు లేకుండా, మనిషి మాత్రం నిండుగా వచ్చాడు. షోలాపూర్‌లో ఎవరో దూరపు చుట్టం ఇంట్లో చిక్కుకుని పూటపూటకూ తిన్నాడట. అరుగు మీద కూర్చున్న నన్ను గుర్తుపట్టక, దాటి లోపలికి పోయి, "అమ్మా, బైట కూసున్నది ఎవలు?" అని అడిగాడు.

"నీ పెండ్లమే. జర తరిగింది," అన్నది అత్త.

ఆయన తిరిగొచ్చి నా బోసి చేయి చూశాడు. ముఖం తెల్లబోయింది.

"కడెం కోసిండ్రా?"

"కొయ్యలే. వంట జేస్తున్నది," అన్నాను. మిగతాది చెప్పకుండానే కాళ్లకు నీళ్లు తేవడానికి లేచాను. నేను కబురు సగంలో ఆపడం అదే మొదలు.

ఆ సాయంత్రమే పొయ్యి ఆర్పి తవ్వారు. ఖాలా మూట ఖాలాకు ఇచ్చి, అత్త నా కడెం తుడిచి తొడిగింది. అది జారి మణికట్టు దగ్గరికి వచ్చింది. అత్త పాత చీర వెతికి పేలిక చింపింది. చుట్టి, పైకి తోసి, ఉట్టి మీది నెయ్యి గిన్నె దించింది. గోడ మీద అప్పటికే ఒక గిన్నె పెట్టి ఉంది, మూత కింద నుంచి తాలింపు శనగల వాసన వస్తూ.

"రాత్రికి అది, ఇప్పుడు ఇది," అని అత్త నా ముందు కంచం పెట్టింది. నేను తినడం మొదలుపెట్టాను. కబుర్లు కూడా వచ్చాయి.